ఆఫ్టర్‌బర్నర్ ఎప్పుడు చౌక? ఫైటర్ క్లైంబ్ టెస్టుల డైరీ

1వ రోజు

ఈ ప్రాజెక్టు ఒక వాదనతో మొదలైంది. నాతో కలిసి సిమ్యులేటర్ ఎగరేసే మిత్రుడిది ఎప్పుడూ ఒకటే మాట: "రన్‌వే వదిలిన దగ్గర్నుంచి ముప్ఫై ఆరు వేల అడుగులు చేరేదాకా ఆఫ్టర్‌బర్నర్ తియ్యకురా. నిమిషానికి ఎక్కువ తాగినా సగం టైములో పైకెళ్తావు. మొత్తం మీద ఇంధనం తక్కువే అవుతుంది." ఆఫ్టర్‌బర్నర్ అంటే ఇంజన్ వెనక వేడి వాయువులోకి ఇంకా ఇంధనం చల్లి మండించి అదనపు తోపు తెచ్చే ఏర్పాటు. అతని మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతిలో ఎక్కిన ప్రతిసారీ తిరుగు ప్రయాణంలో ఇంధనం గేజ్ చూసి నాకు టెన్షన్ వస్తోంది. ఎవరి మాట నిజమో కొలిచి తేల్చుకుందామని కూర్చున్నాను.

సాధనం జేఎస్‌బీసిమ్. ఇది విమానం ఎలా కదులుతుందో లెక్కగట్టే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్ లోపల నడిచేదీ ఇదే. విమానం బరువు, రెక్కల విస్తీర్ణం, ఇంజన్ త్రస్ట్ (ముందుకి తోసే బలం) అన్నీ మనిషి చదవగలిగే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లలో ఉంటాయి. దాంతో వచ్చే ఎఫ్-16 మోడల్ తీసుకుని ఇంజన్ ఫైల్ తెరిచాను. నాకు కావలసినవి నాలుగే అంకెలు. ఆఫ్టర్‌బర్నర్ లేకుండా ఫుల్ థ్రాటిల్, అంటే మిల్ పవర్‌లో, త్రస్ట్ 17,800 పౌండ్లు. ఆఫ్టర్‌బర్నర్‌తో 29,000. ఒక పౌండ్ త్రస్ట్‌కి గంటకి తాగే ఇంధనం మిల్‌లో 0.74 పౌండ్, ఆఫ్టర్‌బర్నర్‌లో 2.05.

గుణించి చూశాను. మిల్‌లో గంటకి 13,170 పౌండ్లు, నిమిషానికి దాదాపు 220. ఆఫ్టర్‌బర్నర్‌లో గంటకి 59,450, నిమిషానికి దాదాపు 990. ఎఫ్-16 లోపలి ట్యాంకులు నిండితే 7,000 పౌండ్ల చిల్లర. నేల దగ్గర ఆఫ్టర్‌బర్నర్ అలాగే వదిలేస్తే ఏడు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. త్రస్ట్ 1.63 రెట్లు పెరిగితే ఇంధనం 4.5 రెట్లు పెరుగుతోంది. ఈ రెండు నిష్పత్తుల్లోనే జవాబు ఉందని ఆరో రోజుకి గానీ నాకు అర్థం కాలేదు.

2వ రోజు

మొదటి టెస్టులు చేతితోనే ఎగరేశాను. 1,000 అడుగుల దగ్గర మాక్ 0.9 (శబ్దవేగంలో 0.9 వంతు) పట్టుకుని, మిల్ పవర్‌లో ముక్కు 45 డిగ్రీలు ఎత్తి 30,000 దాకా స్టాప్‌వాచ్. ఫలితం చూసి ఆశ్చర్యపోయాను. ఆఫ్టర్‌బర్నర్ లేకుండానే ఇంత త్వరగానా?

లాగ్ ఫైల్ చదివితే సంగతి తెలిసింది. పైకి చేరేసరికి వేగం మాక్ 0.5కి పడిపోయింది. ఇంజన్ ఎక్కించింది కొంతే, మిగతాది వేగాన్ని అమ్మి కొనుక్కున్న ఎత్తు. దీన్నే జూమ్ అంటారు.

అందుకే ఎత్తు ఒక్కటే కొలిస్తే లాభం లేదు. ఎత్తుకి వేగాన్ని కూడా అడుగుల్లోకి మార్చి కలపాలి: వేగం వర్గాన్ని 2g తో (g అంటే గురుత్వ త్వరణం) భాగిస్తే వచ్చేది ఆ వేగం ఎన్ని అడుగులకి సమానమో చెబుతుంది. మొత్తాన్ని ఎనర్జీ హైట్ అంటారు, తెలుగులో శక్తి ఎత్తు అనుకుందాం. 30,000 అడుగుల్లో మాక్ 0.9 అంటే అదనంగా 12,450 అడుగులు. మాక్ 0.5 అయితే 3,840 మాత్రమే. నా జూమ్ క్లైంబ్ 8,600 అడుగుల అప్పుతో పైకి చేరిందన్నమాట. ఆ వేగం తిరిగి తెచ్చుకోవడానికి కాల్చాల్సిన ఇంధనం నా స్టాప్‌వాచ్ లెక్కలో లేదు.

వేగం అడుగుల్లో ఎంత పెద్దదో చూస్తే ఇంకా ఆశ్చర్యం. సముద్ర మట్టంలో మాక్ 0.9తో పోతున్న విమానానికి ఎత్తు సున్నా అయినా శక్తి ఎత్తు దాదాపు 15,700 అడుగులు. 36,000 అడుగుల్లో మాక్ 1.6 దగ్గర అయితే వేగం వాటా 37,000 దాటుతుంది, అంటే ఉన్న ఎత్తు కన్నా ఎక్కువ! ఫైటర్ విషయంలో "ఎంత ఎత్తు ఎక్కింది" అనే ప్రశ్న సగం ప్రశ్నే.

ఇక నుంచి ప్రతి టెస్టూ మాక్ 0.9 దగ్గర మొదలై మాక్ 0.9 దగ్గరే ముగియాలి అని నియమం పెట్టుకున్నాను. చేతితో అంత కచ్చితంగా పట్టుకోవడం నా వల్ల కాదు, స్క్రిప్ట్ రాయాల్సిందే.

3వ రోజు

పైథాన్ స్క్రిప్ట్. మాక్ పెరిగితే ముక్కు ఎత్తు, తగ్గితే దించు. అంతే పని. అయినా మొదట్లో ముక్కు పైకీ కిందికీ ఊగుతూనే ఉంది, గెయిన్ (ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకె) సగానికి తగ్గించాక కుదుటపడింది. సెకనుకి పదిసార్లు ఎత్తు, వేగం, త్రస్ట్, ఇంధన ప్రవాహం, ట్యాంకులో మిగిలినది ఫైల్లోకి వెళ్తాయి. ఇంధన ప్రవాహాన్ని కూడుకుంటూ పోతే వచ్చే మొత్తం, ట్యాంకులో తగ్గిన మొత్తం సమానంగా ఉన్నాయా అన్నది ప్రతి టెస్టుకీ మొదటి తనిఖీ. అవి కలవకపోతే ఆ టెస్టు పనికిరాదు.

4వ రోజు

రోజంతా ఒక తప్పు వెతకడంతో సరిపోయింది. 30,000 అడుగుల దగ్గర నా అంకెలు చేతి లెక్క కన్నా మూడో వంతు తక్కువ వస్తున్నాయి. డ్రాగ్ (గాలి నిరోధం) ఎక్కువేసుకున్నానా అని అంతా తిరగేశాను. చివరికి చూస్తే వేగం కాలమ్‌లో క్యాలిబ్రేటెడ్ స్పీడ్ రాసుకున్నాను. ఆ ఎత్తులో మాక్ 0.9 అంటే వేగమాపిలో కనిపించేది 346 నాట్లు, గాలిలో అసలు వేగం 530 నాట్లు. శక్తి లెక్కకి కావలసింది రెండోది. క్లైంబ్ టెస్టులు చేసే వాళ్లు కాలమ్ పేరు మీద "అసలు వేగం" అని పెద్దగా రాసుకోండి.

5వ రోజు

సిమ్యులేటర్ ఇచ్చే అంకె సరైనదో కాదో చెప్పాలంటే పక్కన ఒక చిన్న సొంత లెక్క ఉండాలి. అది కాగితం మీద అర్థమయ్యేంత సులువుగా ఉండాలి. అందుకని ఇలా కట్టాను: బరువు 24,000 పౌండ్లు, రెక్క 300 చదరపు అడుగులు, కనీస డ్రాగ్ గుణకం 0.02, లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) వల్ల వచ్చే డ్రాగ్‌కి 0.12. త్రస్ట్ గాలి సాంద్రతతో పాటు తగ్గుతుంది. డ్రాగ్ అంకెలు నేను ఎంచుకున్నవి, ఏ విమానం అసలు డేటా అనీ అనుకోవద్దు. అసలు ఇంజన్లో వేగంతో పాటు త్రస్ట్ మారుతుంది, ఇక్కడ అది వదిలేశాను.

ఇక సూత్రం. త్రస్ట్‌లోంచి డ్రాగ్ తీసేయి, బరువుతో భాగించు, వేగంతో గుణించు. వచ్చేది సెకనుకి ఎన్ని అడుగుల శక్తి ఎత్తు సంపాదిస్తున్నామో. స్పెసిఫిక్ ఎక్సెస్ పవర్ అంటారు, నేను మిగులు శక్తి అని రాసుకుంటున్నాను. 1960లలో అమెరికా వైమానిక దళ పైలట్ జాన్ బాయిడ్, గణితవేత్త థామస్ క్రిస్టీ ఫైటర్లని ఒకదానితో ఒకటి పోల్చడానికి దీన్నే ఆధారం చేసుకున్నారు.

సముద్ర మట్టం, మాక్ 0.9: డ్రాగ్ 7,400 పౌండ్లు. మిల్‌లో మిగులు శక్తి సెకనుకి 435 అడుగులు, ఆఫ్టర్‌బర్నర్‌లో 904. రెట్టింపు కన్నా ఎక్కువ! త్రస్ట్ 1.63 రెట్లే పెరిగినా మిగులు రెట్టింపు దాటడానికి కారణం, డ్రాగ్ రెండు చోట్లా ఒకటే కావడం. ఖర్చులు పోగా మిగిలే జీతం లాంటిది ఇది. ఖర్చు మారనప్పుడు జీతం కొంచెం పెరిగినా మిగులు చాలా పెరుగుతుంది. నా మిత్రుడి వాదనలో నిజం ఉన్నది ఇక్కడే.

ఇప్పుడు ఇంధనం. నిమిషానికి ఎంత అని చూడటం మానేసి, వెయ్యి అడుగుల శక్తి ఎత్తుకి ఎన్ని పౌండ్లు అని చూశాను. నేల దగ్గర మిల్‌లో 8.4 పౌండ్లు, ఆఫ్టర్‌బర్నర్‌లో 18.3. 15,000 అడుగుల్లో 8.5, 18.9. 30,000లో 9.5, 20.5. 36,000లో 10.6, 22. ఎక్కడ చూసినా ఆఫ్టర్‌బర్నర్ ధర రెట్టింపు పైనే ఉంది.

మొత్తం క్లైంబ్‌కి కూడితే, సముద్ర మట్టం నుంచి 36,000 దాకా మాక్ 0.9 పట్టుకుని వెళ్తే మిల్‌లో 152 సెకన్లు, 285 పౌండ్లు. ఆఫ్టర్‌బర్నర్‌లో 73 సెకన్లు, 625 పౌండ్లు. టైము సగం అవుతుందన్న మాట నిజమే. ఇంధనం తక్కువే అవుతుందన్నది మాత్రం నిజం కాదు. తేడా 340 పౌండ్లు, పైన క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో సమంగా ఎగిరేటప్పుడు) ఇదే లెక్కతో నిమిషానికి 30 పౌండ్లు పడుతుంది. అంటే 11 నిమిషాల ప్రయాణం.

రాత్రి పడుకోబోతూ ఇంకోటి తట్టింది. మిల్‌లో ఎక్కే విమానం ఎక్కువ తీసుకునే ఆ 79 సెకన్లూ ముందుకి కూడా పోతోంది కదా. అది పైకి చేరేసరికి 12 నాటికల్ మైళ్ల దూరం ముందుంటుంది. ఆఫ్టర్‌బర్నర్‌తో ఎక్కిన విమానం ఆ దూరం క్రూయిజ్‌లో పూర్తి చేయాలంటే మరో 40 పౌండ్లు. ఒకే ఎత్తు, ఒకే వేగం, ఒకే దూరం. ఈ మూడూ కలిస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది. అలా చూస్తే 665కి 285.

6వ రోజు

ఈ రోజు నాకు చాలా ఇష్టమైన రోజు.

మరి ఆఫ్టర్‌బర్నర్ ఎప్పుడూ ఖరీదేనా? 36,000 పైన లెక్క కొనసాగించాను. 45,000 అడుగుల్లో మిల్ ధర 18 పౌండ్లు, ఆఫ్టర్‌బర్నర్ ధర 27. దగ్గరవుతున్నాయి! ఇంకా పైకి వెళ్తే మిల్ త్రస్ట్, డ్రాగ్ రెండూ దాదాపు సమానమవుతాయి, మిగులు సున్నాకి చేరుతుంది. మిగులు లేకుండా కాల్చే ఇంధనమంతా వృథా. అలాంటి చోట విమానం మిల్‌లో ఈడ్చుకుంటూ ఎక్కడం కన్నా ఆఫ్టర్‌బర్నర్ వేసి త్వరగా ముగించడమే చౌక కావాలి.

ఆ గీత ఎక్కడుందో బీజగణితంతో తీశాను. వేగం, బరువు రెండు వైపులా ఒకటే కాబట్టి కొట్టుకుపోయాయి. మిగిలింది ఇంతే: ఇంధనాల నిష్పత్తిలోంచి త్రస్ట్‌ల నిష్పత్తి తీసేసి, ఆ వచ్చినదాన్ని ఇంధనాల నిష్పత్తి మైనస్ ఒకటితో భాగించాలి. ఈ ఇంజన్‌కి 4.51లోంచి 1.63 తీస్తే 2.88, దాన్ని 3.51తో భాగిస్తే 0.82.

డ్రాగ్ మిల్ త్రస్ట్‌లో 82 శాతం దాటితే ఆఫ్టర్‌బర్నర్ చౌక. అంతకన్నా తక్కువైతే మిల్ చౌక. ఎత్తు ఎంతైనా, బరువు ఎంతైనా అంతే. మొదటి రోజు ఇంజన్ ఫైల్లో చూసిన ఆ నాలుగు అంకెల్లోంచే వచ్చిన గీత ఇది. మీరు ఎగరేసే విమానానికి ఆ నాలుగూ దొరికితే మీ గీత మీరే తీసుకోవచ్చు.

నేల దగ్గర నా విమానం 42 శాతం మీద ఉంది. 36,000లో 47, 45,000లో 69. ఖాళీ రెక్కలతో ఉన్న తేలిక విమానం మామూలు క్లైంబ్‌లో ఆ గీత దగ్గరికి కూడా రాదు.

7వ రోజు

కాగితం లెక్క పక్కన పెట్టి మళ్లీ జేఎస్‌బీసిమ్. ఫలితాల వరుస అదే వచ్చింది. కానీ మిల్ ధర పైకి వెళ్లేకొద్దీ నా లెక్క కన్నా తక్కువగా కనిపించింది. కోడ్ చదివాను. ఆ టర్బైన్ మోడల్లో మిల్ ఇంధన రేటుని బయటి ఉష్ణోగ్రతతో సవరిస్తారు, చల్లటి గాలిలో ఇంజన్ పొదుపుగా నడుస్తుంది కాబట్టి. 36,000 అడుగుల పైన మైనస్ 56.5 డిగ్రీల చలిలో, ఫుల్ థ్రాటిల్‌లో ఆ గుణకం 0.84. ఆఫ్టర్‌బర్నర్ రేటుకి ఆ సవరణ వర్తించదు. దాంతో పైన మిల్ ఇంకా చౌకై, నా గీత 82 నుంచి దాదాపు 86 శాతానికి జరిగింది.

ఇంకో చిన్న విషయం: థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగినా ఇంధనం సున్నా కాదు. మిల్ త్రస్ట్‌ని బట్టి ఒక కనీస రేటు అంచనా వేసి పెట్టారు, ఈ ఇంజన్‌కి అది గంటకి దాదాపు 757 పౌండ్లు. దిగేటప్పటి లెక్కలకి పనికొస్తుంది.

కాలుతున్న ఇంధనం వల్ల బరువు తగ్గడం కూడా చూశాను. 600 పౌండ్లంటే 24,000లో రెండున్నర శాతం. వదిలేశాను.

9వ రోజు

మాక్ 1 గోడ, అంటే శబ్దవేగం దగ్గర డ్రాగ్ ఒక్కసారిగా పెరిగే చోటు. ఇప్పటిదాకా మాక్ 0.9 దాటలేదు, కానీ ఫైటర్ అన్నాక అక్కడితో ఆగదు.

నా చిన్న లెక్కలో మాక్ 1.1 దగ్గర కనీస డ్రాగ్ గుణకాన్ని 0.04కి, లిఫ్ట్ డ్రాగ్‌ని 0.15కి పెంచాను. 36,000 అడుగుల్లో డ్రాగ్ 5,500 పౌండ్లు దాటింది, మిల్ త్రస్ట్ 5,290. అంటే మిల్‌లో గోడ దాటడం అసాధ్యం. దాటడానికి ముందే 82 శాతం గీత తగులుతుంది. కాబట్టి శబ్దవేగం దాటాలనుకుంటే సగం మనసుతో ప్రయత్నించకూడదు. గోడ దగ్గరపడగానే ఫుల్ ఆఫ్టర్‌బర్నర్, దాటేదాకా తియ్యకూడదు. ఇక్కడ అది పొదుపు కూడా.

మరి ఏ ఎత్తులో దాటాలి? ఆఫ్టర్‌బర్నర్‌తో మాక్ 1.1 దగ్గర మిగులు శక్తి 36,000 అడుగుల్లో సెకనుకి 137 అడుగులు, 30,000లో 179, 25,000లో 213. కిందకి వస్తే మేలు! అందుకే పైకి ఎక్కాల్సిన విమానం మధ్యలో ముక్కు దించి, కిందికి దూకుతూ మాక్ 1 దాటి, ఆ తర్వాత మళ్లీ ఎక్కడం లాభం. డైవ్‌లో ఎత్తు పోయినా శక్తి ఎత్తు పోదు, వేగంగా మారుతుంది.

ఈ సంగతి కాగితం మీద 1954లో ఎడ్వర్డ్ రుటోవ్‌స్కీ శక్తి పద్ధతితో చూపించాడు. తర్వాత ఆర్థర్ బ్రైసన్ బృందం ఎఫ్-4 ఫాంటమ్‌కి కంప్యూటర్‌తో దారి గీసింది: 20 కిలోమీటర్ల ఎత్తు, అక్కడ మాక్ 1తో సమంగా ఎగరాలి, వీలైనంత తక్కువ టైములో. లెక్క చెప్పింది 332 సెకన్లు. 1962 జనవరిలో అమెరికా నౌకాదళ విమాన కేంద్రం పటక్సెంట్ రివర్‌లో పైలట్ ఆ దారినే ఎగరేస్తే 338 సెకన్లు పట్టింది. ఆరు సెకన్ల తేడా! ఆ రోజుల్లో కంప్యూటర్ల శక్తి ఎంతో తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఎక్కి పైన సమంగా ఎగిరే పద్ధతికీ, చివర్లో వేగమంతా ఎత్తుగా మార్చేసే రికార్డు పద్ధతికీ తేడా కూడా అదే ఏడాది కనిపిస్తుంది. రికార్డుల కోసం ఎగిరిన ఎఫ్-4 అదే 20 కిలోమీటర్లని 178.5 సెకన్లలో దాటింది, ఎందుకంటే పైన ఎంత వేగం మిగలాలనే షరతు లేదు. నా రెండో రోజు జూమ్ లాంటిదే, కావాలని చేసింది. 1975లో అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ చలిలో స్ట్రీక్ ఈగిల్ అనే ఎఫ్-15 దాన్ని 122.94 సెకన్లకి దించింది. రంగు బరువు 50 పౌండ్లు తగ్గుతుందని ఆ విమానానికి రంగే వెయ్యలేదు. మొత్తం 1,800 పౌండ్ల దాకా దించేశారు.

12వ రోజు

ఫలితాలన్నీ మిత్రుడికి చూపించాను. శ్రద్ధగా చూసి ఒకటే అడిగాడు: "నువ్వు ఖాళీ విమానం ఎగరేశావు. నేను ఎప్పుడైనా ఖాళీగా వెళ్లానా? ఎప్పుడూ రెండు ట్యాంకులు, కింద బాంబులు."

నిజమే, నేనే ఆలోచించలేదు. బరువు 34,000కి, కనీస డ్రాగ్ 0.028కి పెంచి మళ్లీ కట్టాను. 36,000 అడుగుల్లో డ్రాగ్ మిల్ త్రస్ట్‌లో 75 శాతం. 40,000లో 90. గీత 38,000 దగ్గర దాటుతోంది. చలి సవరణ కలిపితే ఇంకాస్త పైన. కాబట్టి బరువుతో 40,000 చేరాలనుకుంటే చివరి రెండు వేల అడుగులకి అతని మాటే కరెక్టు: ఆఫ్టర్‌బర్నర్ వెయ్యాలి. 36,000 దాకా మాత్రం మిల్ చాలు.

అతను ఒప్పుకున్నాడు, కానీ మాక్ 0.9నే ఎందుకు పట్టుకున్నావని ఇంకో ప్రశ్న వేశాడు. బరువైన విమానానికి మాక్ 0.85 దగ్గర డ్రాగ్ తగ్గుతుందా పెరుగుతుందా? ఆ ఎత్తులో లిఫ్ట్ డ్రాగ్ వాటా పెద్దది కాబట్టి వేగం తగ్గితే అది పెరుగుతుంది, కనీస డ్రాగ్ తగ్గుతుంది. రెండిట్లో ఏది గెలుస్తుందో 0.80 నుంచి 0.95 దాకా 0.01 చొప్పున నడిపితే గానీ చెప్పలేను. స్క్రిప్ట్‌లో మాక్‌ని వేరియబుల్‌గా మార్చాను, పదహారు టెస్టుల వరుస పెట్టాను. మొదటి మూడూ అయ్యాయి, ట్యాంకు తనిఖీ మూడింటికీ కలిసింది.